రైట్ క్లిక్ కొడితే గుండ్రం తిరిగే పాత కంప్యూటర్లకు షెల్‌ఎక్స్‌వ్యూ ఎంతవరకు పనికొస్తుంది?

పాత కంప్యూటర్‌లో డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ కొడతాం. గుండ్రం తిరుగుతుంది, తిరుగుతూనే ఉంటుంది, కాసేపటికి బారెడు మెనూ దిగుతుంది. అందులో మనకు కావలసినవి కాపీ, పేస్ట్, రీనేమ్, డిలీట్. మిగతావన్నీ ఎప్పుడో ఎక్కించి మరిచిపోయిన సాఫ్ట్‌వేర్ల పేర్లు. అనంతపురంలో ఏ షాపులో చెప్పినా ముందొచ్చే మాట "ఫార్మాట్ కొట్టేద్దాం అన్నా". పిల్లల హాల్‌టికెట్ల నుంచి పొలం అడంగల్ పీడీఎఫ్‌ల దాకా అన్నీ అందులోనే ఉన్న ఇంటి కంప్యూటర్‌కు ఇంత చిన్న జబ్బుకు అంత పెద్ద ఆపరేషన్ ఎందుకు? రైట్ క్లిక్ మెనూలో ఏ సాఫ్ట్‌వేర్ తన లైను పెట్టిందో చూపించి, అక్కర్లేనిదాన్ని ఆపనిచ్చే చిన్న టూల్ నిర్‌సాఫ్ట్ వాళ్ల షెల్‌ఎక్స్‌వ్యూ. దాంతో ముప్పావు పని అయిపోతుంది. మిగిలిన పావు పనికి అదే గూటి షెల్‌మెనూవ్యూ ఉంది. రెండూ ఉచితమే.

ఇన్‌స్టాల్ చేసే పనే లేదు. జిప్ విప్పి డబుల్ క్లిక్ కొడితే తెరుచుకుంటుంది, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నాలుగిళ్లు తిరగొచ్చు. విండోస్ ఎక్స్‌పీ, సెవెన్, టెన్ దేంట్లోనైనా నడుస్తుంది. డౌన్‌లోడ్ లింకు పేజీ అట్టడుగున ఉంటుంది, పైన కనిపించే పెద్ద బటన్లకు మోసపోవద్దు. అక్కడ రెండు లింకులుంటాయి, ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. విండోస్ 64 బిట్‌దైతే 64 బిట్ జిప్పే దించుకోవాలి. 32 బిట్‌ది తెచ్చి నడిపితే అదీ తెరుచుకుంటుంది, లిస్టూ చూపిస్తుంది, కానీ అసలు దోషి ఆ లిస్టులో కనబడకపోవచ్చు. మీది ఏదో తెలియకపోతే విండోస్ కీ, పాజ్ కీ కలిపి నొక్కితే వచ్చే పేజీలో రాసి ఉంటుంది.

మెనూ ఎందుకు ఆలస్యమవుతుందో తెలిస్తే ఈ టూల్ చేసే పని సులువుగా అర్థమవుతుంది. రైట్ క్లిక్ కొట్టిన ప్రతిసారీ ఎక్స్‌ప్లోరర్ (డెస్క్‌టాప్, టాస్క్‌బార్, ఫోల్డర్లు చూపించే విండోస్ ప్రోగ్రామ్) ఆ మెనూను అప్పటికప్పుడు తయారుచేస్తుంది. జిప్ సాఫ్ట్‌వేర్, యాంటీవైరస్, గ్రాఫిక్స్ డ్రైవర్, ఒక్కొక్కటీ తన డీఎల్‌ఎల్ ఫైలును (వేరే ప్రోగ్రామ్‌లోకి ఎక్కి పనిచేసే కోడ్ ఫైలు) ఎక్స్‌ప్లోరర్‌లోకే ఎక్కించి తన లైను కూడా పెట్టమంటుంది. అందరి లైన్లూ పడేదాకా మెనూ కనబడదు. ఒకటి మొరాయిస్తే మిగతావన్నీ దానికోసం కాచుకోవాల్సిందే. అది కూలిందంటే ఎక్స్‌ప్లోరర్‌నూ వెంట తీసుకుపోతుంది, టాస్క్‌బార్ మాయమై మళ్లీ వచ్చేది అందుకే.

టూల్ తెరిచేముందు మూడు చోట్ల రైట్ క్లిక్ కొట్టి చూడండి: డెస్క్‌టాప్ ఖాళీ జాగాలో, ఒక ఫోల్డర్ మీద, ఒక ఫైలు మీద. ఖాళీ జాగాలో మాత్రమే ఆలస్యమైతే ముందు అనుమానించాల్సింది గ్రాఫిక్స్ డ్రైవర్‌నే. పాత ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న మెషీన్లలో ఇది చానా మామూలు. దాని లైను ఆపినా నష్టం లేదు, ఆ సెట్టింగులు కంట్రోల్ ప్యానెల్లో అట్లే ఉంటాయి. ఫైలు మీద, ఫోల్డర్ మీద ఆలస్యమైతే జిప్, యాంటీవైరస్, క్లౌడ్ డ్రైవ్‌ల వంతు. ఎక్కడ కొట్టినా ఆలస్యమే, ఫోల్డర్ తెరవడమూ ఆలస్యమే అయితే మాత్రం ఈ టూల్‌తో ఒరిగేదేం లేదు, హార్డ్ డిస్క్ సంగతి చూసుకోవాలి.

ఇక పని. షెల్‌ఎక్స్‌వ్యూను రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరవండి. వందల లైన్లు వస్తాయి, బెదరొద్దు. ఆప్షన్స్‌లో ఫిల్టర్ బై ఎక్స్‌టెన్షన్ టైప్‌కు వెళ్లి కాంటెక్స్ట్ మెనూ (రైట్ క్లిక్ మెనూ అసలు పేరు) ఒక్కదాన్నే ఎంచుకోండి. అదే ఆప్షన్స్‌లో హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టండి. ఇంతకుముందు గులాబీ రంగులో మెరిసిన బయటి కంపెనీల లైన్లు మాత్రం మిగులుతాయి. ఏదీ ఆపకముందే అన్నీ సెలెక్ట్ చేసి కంట్రోల్ ఎస్ కొట్టి, ఆ లిస్టును టెక్స్ట్ ఫైలుగా దాచుకోండి. ఎప్పటికైనా పనికొస్తుంది.

ఆపడానికి ఎఫ్7, మళ్లీ తెరవడానికి ఎఫ్8. ఇది దేన్నీ తుడిచేయదు, ఆపుతుందంతే. ఈ టూల్‌కు ఎక్కువ మార్కులు పడేది ఇందుకే. ఒక్కో లైను ఆపుతూ చూడటం దండగ. బయటి లైన్లు 16 ఉన్నాయనుకుందాం. 8 ఆపండి, చూడండి. ఆలస్యం పోయిందంటే దోషి ఆ ఎనిమిదిలోనే ఉంది, అందులో నాలుగు తిరిగి తెరవండి. ఇట్లా నాలుగు విడతల్లో ఒక్కదాని దగ్గరికి చేరతారు. ప్రతి విడతకూ ఎక్స్‌ప్లోరర్‌ను రీస్టార్ట్ చేయాలి, అప్పటికే లోపల ఎక్కి కూర్చున్న డీఎల్‌ఎల్ ఊరికే దిగదు. టూల్‌లోనే కంట్రోల్ ఈ నొక్కితే ఆ పని అవుతుంది, లేదా లాగాఫ్ అయి రండి. "ఎఫ్7 కొట్టినా ఏం మారలేదే" అనేవాళ్లలో ఎక్కువమంది ఈ ఒక్క మెట్టు దాటేసినవాళ్లే. రెండో లైను కూడా ఆలస్యానికి తోడై ఉండొచ్చు, అప్పుడు ఇంకో విడత.

ఇక లోపాలు. లిస్టులో కనిపించే పేర్లు మెనూలో చదివే పేర్లు కావు. ఏది దేనిదో తెలియాలంటే కంపెనీ, ఫైల్ నేమ్ కాలమ్‌లు చూసి పోల్చుకోవాలి. పాత విండో, చిన్న అక్షరాలు, కొత్తవాళ్లకు తలనొప్పే. మైక్రోసాఫ్ట్ లైన్లు దాచకుండా ఉత్సాహంగా అన్నీ ఆపేస్తే న్యూ పోతుంది, ఓపెన్ విత్ పోతుంది, ఆ తర్వాత ఫార్మాట్ మాట మళ్లీ మొదలవుతుంది. టైప్ ఫిల్టర్ పెట్టుకోకపోయినా చిక్కే, ఐకాన్ ఓవర్‌లే (ఐకాన్ల మీద చిన్న గుర్తులు వేసే) లైన్లు ఆపేసి క్లౌడ్ డ్రైవ్ ఫైళ్ల మీది పచ్చ టిక్కులు ఏమయ్యాయని వెతుక్కుంటారు. కొన్ని యాంటీవైరస్‌లు తమ లైనును ఆపనివ్వవు, ఆపినా అప్‌డేట్‌తో మళ్లీ తెచ్చుకుంటాయి. దాంతో పట్టుదలకు పోవద్దు, ఆ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో చూసుకోండి.

అన్నింటికంటే పెద్ద లోటు ఇంకొకటి. మెనూలో లైన్లు రెండు రకాలు. డీఎల్‌ఎల్ ద్వారా వచ్చేవి ఒకటి, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) ఒక పేరు, ఒక కమాండ్ రాసిపెట్టినవి రెండోది. షెల్‌ఎక్స్‌వ్యూకు మొదటి రకమే కనబడుతుంది. ఉదాహరణకు వీఎల్‌సీ. ప్లే విత్ వీఎల్‌సీ, యాడ్ టు ప్లేలిస్ట్ లైన్లు రెండో రకం. షెల్‌ఎక్స్‌వ్యూలో ఎంత గాలించినా దొరకవు. షెల్‌మెనూవ్యూ తెరిచి, ఆప్షన్స్‌లో హైడ్ స్టాండర్డ్ మెనూ ఐటమ్స్ పెట్టి, మెనూ పేరున్న కాలమ్ నెత్తి మీద క్లిక్ కొట్టండి. ఒకే లైను పదుల సార్లు కనిపిస్తుంది. పొరపాటేం కాదు, ఫోల్డర్‌కు ఒకటి, ఎంపీ4కు ఒకటి, ఏవీఐకి ఒకటి, ఇలా ప్రతి రకం ఫైలుకూ విడిగా రాసి ఉంటుంది. పైదాని మీద క్లిక్, కిందిదాని మీద షిఫ్ట్ క్లిక్, ఎఫ్7. ఒక్కటే ఆపి ఊరుకుంటే ఒక రకం ఫైలుకు పోయి మిగతావాటికి అట్లే ఉంటుంది. ఈ లైన్లు తీస్తే మెనూ పొట్టిదవుతుంది కానీ వేగం పెద్దగా మారదు. ఆలస్యం చేసేవి ఎక్కువగా మొదటి రకమే.

సెవెన్‌జిప్‌కు ఈ రెండు టూళ్లూ అక్కర్లేదు. దాన్ని తెరిచి టూల్స్, ఆప్షన్స్, సెవెన్‌జిప్ ట్యాబ్‌లో కాస్కేడెడ్ కాంటెక్స్ట్ మెనూ టిక్ పెడితే దాని సంతానమంతా ఒక్క లైను కిందికి చేరుతుంది. విన్‌రార్ సెట్టింగుల్లోనూ ఇంటిగ్రేషన్ ట్యాబ్‌లో ఇదే సౌకర్యం ఉంది. సెండ్ టూలో చెత్త ఉంటే విండోస్ కీ, ఆర్ నొక్కి షెల్:సెండ్‌టూ అని ఇంగ్లీషులో కొట్టండి, తెరుచుకున్న ఫోల్డర్‌లో అక్కర్లేని షార్ట్‌కట్లు తీసేయండి.

పోటీలో మైక్రోసాఫ్ట్ వారి ఆటోరన్స్ ఉంది. ఎక్స్‌ప్లోరర్ ట్యాబ్‌లో టిక్ తీస్తే లైను ఆగుతుంది, అసలు ఫైలే లేకుండా మిగిలిపోయిన లైన్లను పసుపు రంగులో చూపిస్తుంది. ఆ ఒక్క విషయంలో అదే మేలు. కానీ స్టార్టప్ నుంచి సర్వీసుల దాకా అన్నీ ఒకే చోట పరిచి పెడుతుంది, పొరపాటున చెయ్యి పక్కకు పోతే మెషీన్ లేవదు. ఇంటివాళ్లకు షెల్‌ఎక్స్‌వ్యూనే నయం. అయిదుకు నాలుగు ఇవ్వొచ్చు.

కొందరు ఈ టూల్ మీద వేసే నింద ఒకటుంది: "ఫొటోలన్నీ సెలెక్ట్ చేస్తే ప్రింట్ లైను కనబడట్లేదు". అది టూల్ తప్పు కాదు. 15కు మించి ఫైళ్లు సెలెక్ట్ చేస్తే విండోసే ఓపెన్, ఎడిట్, ప్రింట్ లైన్లు దాచేస్తుంది. పదిహేనేసి చొప్పున ప్రింట్ కొట్టుకోవడమే.