స్పెక్ట్రమ్ బోర్డు: ఇంట్లో చేసుకోవాలా, ఫ్యాక్టరీలో చేయించాలా?

1982 నాటి హోమ్ కంప్యూటర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ సర్క్యూట్ బోర్డును మళ్లీ తయారుచేయాలనుకునే బెంగళూరు మిత్రులు నన్ను ముందు అడిగేది ఇదే.

ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకెళ్లి రాగి పూత షీటు, ఫెర్రిక్ క్లోరైడ్ తెచ్చుకుంటే ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. ప్లాస్టిక్ టబ్బును మెల్లగా ఊపుతుంటే గోధుమరంగు ద్రావణంలో రాగి కరిగిపోతూ, రాగిపైకి ఎక్కించిన లేజర్ ప్రింటర్ టోనర్ (సిరా పొడి) కింది గీతలు మాత్రం మిగులుతాయి. ఆ దృశ్యం కోసమైనా ఒక్కసారి చేసి చూడాలి! చిక్కల్లా రెండు వైపులా గీతలుండే బోర్డుతోనే. స్పెక్ట్రమ్ ప్రాసెసరైన జెడ్80 చిప్‌కు 40 కాళ్లు, కాలికీ కాలికీ 2.54 మి.మీ. ఎడం. పైగీతలూ కిందిగీతలూ ఒక్క మిల్లీమీటరు తప్పినా డ్రిల్లు రంధ్రం చుట్టూ ఉండే రాగి ప్యాడ్‌ను తినేస్తుంది. పైగా రంధ్రాల్లోపల రాగి పూత రాదు. గీత వైపు మారే ప్రతిచోటా తీగముక్క దూర్చి రెండు పక్కలా సోల్డర్ చేయాలి.

బోర్డు డిజైనుండే గెర్బర్ ఫైళ్లు పంపితే ఫ్యాక్టరీ పూత రంధ్రాలు, గీతలను కప్పే రక్షణ పూత (సోల్డర్ మాస్క్), అచ్చు అక్షరాలతో సహా ఇస్తుంది. కాకపోతే ఫైల్లో తప్పుంటే అన్ని బోర్డుల్లోనూ అదే తప్పు. అందుకే ముందు అసలు సైజులో కాగితంపై ప్రింటు తీసి, చిప్ సాకెట్ కాళ్లు గుచ్చి చూసుకోండి.

స్పెక్ట్రమ్‌కైతే నా ఓటు ఫ్యాక్టరీకే. ఒకవైపే గీతలుండే చిన్న జాయ్‌స్టిక్ బోర్డు ఇంట్లో చేసుకోండి. వాడేసిన ద్రావణంలో రాగి ఉంటుంది, సింకులో మాత్రం పొయ్యకండి.