టెక్సన్ పీఎల్-330: మీడియం వేవ్ మీద మక్కువ ఉన్నవారికి

ఎఫ్ఎం పాటలు మాత్రమే కావాలనుకునేవారు ఈ రేడియో కొనక్కర్లేదు. హైదరాబాద్‌లో 91.1, 98.3 ఏ చవక సెట్టులోనైనా బ్రహ్మాండంగా వస్తాయి. ప్రైవేటు ఎఫ్ఎంలకు సొంతంగా వార్తలు చదివే అనుమతి లేదు కనుక అక్కడ దొరికేవి పాటలు, కబుర్లు, ప్రకటనలే. నేను దీన్ని ఏళ్లుగా వదలకుండా వాడుతున్నది మీడియం వేవ్ కోసం, హామ్‌ల (సరదాగా సొంత రేడియో సెట్లతో మాట్లాడుకునే లైసెన్సుదారుల) సంభాషణల కోసం. ఆ రెండింటిలోనూ నాకు దొరికిన తృప్తి అంతా ఇంతా కాదు.

కొనగానే మీడియం వేవ్ అమరికను, అంటే ట్యూన్ చేసేటప్పుడు ఒక్కో అడుగుకు ఎంత కదలాలో, 9 కిలోహెర్ట్జ్‌కు మార్చుకోవాలి; 10లో ఉంటే మన కేంద్రాలు సరిగ్గా కుదరవు. ఆకాశవాణి హైదరాబాద్ 738 పగటిపూట నిలకడగా వినిపిస్తుంది. అసలు సంబరం పొద్దుగూకాకే. పగలు ఈ తరంగాలను పీల్చేసుకునే అయనోస్ఫియర్ (వాతావరణంలో చాలా ఎత్తున విద్యుదావేశం ఉన్న భాగం) కింది పొర సూర్యాస్తమయం తర్వాత పలచబడిపోతుంది, దూరపు కేంద్రాలు ఒక్కొక్కటే పైకి తేలతాయి. విజయవాడ 837లో వార్తలు మా ఇంట్లో హాయిగా వినవచ్చు.

అడ్డల్లా ఎల్ఈడీ దీపాలు, ఫోను చార్జర్లే. మీడియం వేవ్‌ను అందుకునేది రేడియో లోపలి ఫెరైట్ కడ్డీ కనుక పైనున్న యాంటెన్నా ఎంత లాగినా లాభం లేదు. రేడియోనే బల్ల మీద మెల్లగా తిప్పాలి. ఒక కోణానికి రాగానే ఆ జుయ్యిమనే రొద అణగిపోయి, మాట స్పష్టంగా బయటపడుతుంది. తెర మీది సిగ్నల్ అంకెల కంటే చెవినే నమ్మండి. బ్యాండ్‌విడ్త్, అంటే రేడియో లోపలికి రానిచ్చే తరంగాల వెడల్పు, 2.5 కిలోహెర్ట్జ్‌కు తగ్గిస్తే రొద ఇంకా తగ్గి గొంతు కాస్త మందగిస్తుంది. వార్తలకు అది చాలు, కచేరీకి ఇంకా వెడల్పు ఉండాలి.

హామ్‌లు 7 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో సింగిల్ సైడ్‌బ్యాండ్‌లో, అంటే ఏఎం తరంగంలో ఒక పక్క భాగాన్ని మాత్రమే పంపే పద్ధతిలో, మాట్లాడతారు. మామూలు ఏఎంలో పెడితే నీళ్లలో మునిగి మాట్లాడినట్టు ఉంటుంది. ఎల్ఎస్‌బీ (కింది పక్క భాగం) ఎంచుకుని పక్కనున్న చిన్న చక్రాన్ని కొద్దికొద్దిగా కదిపితే ఆ గొణుగుడు మనిషి గొంతుగా కుదురుకుంటుంది. ఆ క్షణం నాకు ఎన్నిసార్లయినా కొత్తే. 2004 సునామీలో అండమాన్ నుంచి సమాచారం బయటికి పంపినవారిలో, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతి ప్రసాద్ ఉన్నారు. అలాంటివారి లోకంలోకి చెవి ఒగ్గే అవకాశం ఇంత చిన్న పెట్టెలో దొరకడం గొప్ప విషయమే.

అయితే నగరాల్లోని రిపీటర్లు (హామ్‌ల మాటను అందుకుని మరింత దూరం పంపే సెట్లు), అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వాడే 145.800 మెగాహెర్ట్జ్ దీనికి అందవు. వాటికి చేతి సెట్టు వేరే కావాలి. స్పీకరు చిన్నది, పాటలకు ఇయర్‌ఫోన్లే మేలు.

బ్యాటరీ పాత నోకియా ఫోన్లలో వాడిన బీఎల్-5సీ. బలహీనపడితే మొబైల్ దుకాణంలో తెచ్చి మనమే మార్చుకోవచ్చు. చార్జింగ్‌లో పెట్టి మాత్రం మీడియం వేవ్ వినకండి, చార్జర్ రొదంతా స్పీకరులోకే వస్తుంది.