తుంటి మార్పిడి తర్వాత నొప్పి గోలీ: ఏది మేలు?

మొన్న ఒక తమ్ముడు హనుమకొండలోని మా మెడికల్ షాపుకు వచ్చి, కౌంటర్ మీద రెండు గోలీల షీట్లు పక్కపక్కన పెట్టాడు. ఒకటి సగం వాడిన పారాసిటమాల్ 650. ఇంకోటి పూర్తిగా ఖాళీ అయిన ఎసిక్లోఫెనాక్.

"అన్నా, మా అవ్వకు తుంటి బొక్క మార్పిచ్చి పదహారు రోజులైంది. ఈ పారాసిటమాల్ వేస్తే నొప్పి సగమే తగ్గుతది. ఇది వేస్తే మొత్తం బంద్. ఇవే ఇంకో రెండు షీట్లు ఇయ్యి."

వాళ్ళది నర్సంపేట దగ్గరి పల్లె. అవ్వకు డెబ్బై దాటాయి. డిశ్చార్జి చీటీ ఏదంటే ఫోన్‌లో ఫొటో చూపించాడు. ఎసిక్లోఫెనాక్ ఐదు రోజులకే రాసి ఉంది. పారాసిటమాల్ మాత్రం రోజుకు మూడుసార్లు, మళ్ళీ చూపించుకునేదాకా. ఐదు రోజులవి అయిపోయాక ఊళ్ళోనే ఇంకో షీటు తెచ్చి వేశారట. ఆ చీటీలోనే కింద ఉన్న మిగతా మందులు చూశాక నాకు గుబులైంది. రక్తం గడ్డకట్టకుండా రివరాక్సబాన్ 10, బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన గోలీ.

"కాళ్ళు ఉబ్బినయా తమ్మీ?"

"ఆపరేషనైన కాలు ఉబ్బుతదని డాక్టర్ సారు ముందే చెప్పిండన్నా."

"ఆ ఒక్క కాలేనా?"

కాసేపు ఆలోచించి, "రెండూ" అన్నాడు.

ఆ సంగతికి మళ్ళీ వస్తాను. ముందు అతను అడిగిందే చూద్దాం. ఎందుకంటే అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు.

కోసిన కండ దగ్గర, చెక్కిన ఎముక దగ్గర మన ఒళ్ళే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తయారు చేస్తుంది. ఆ చోట వాపు, సలుపు, వేడి చాలావరకు వాటి పనే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎటోరికాక్సిబ్ లాంటివన్నీ ఆ తయారీకే అడ్డం పడతాయి. ఈ కిటుకును 1971లో బయటపెట్టిన జాన్ వేన్‌కు 1982 నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. పారాసిటమాల్ నొప్పిని కొంత తగ్గిస్తుంది, జ్వరం దించుతుంది గానీ వాపు జోలికి పెద్దగా పోదు.

తుంటి మార్పిడి మీదే చేసిన ఒక మంచి పరీక్ష డెన్మార్క్‌ది, 2019లో వెలువడింది. 556 మందిని తీసుకుని కొందరికి పారాసిటమాల్, కొందరికి ఐబుప్రొఫెన్, కొందరికి రెండూ ఇచ్చారు. నొప్పి ఆగకపోతే మార్ఫిన్ తీసుకునే వీలుంది. మొదటి 24 గంటల్లో ఒక్క పారాసిటమాల్ మీద ఉన్నవాళ్ళకు సగటున 36 మి.గ్రా. మార్ఫిన్ కావాల్సి వచ్చింది. ఐబుప్రొఫెన్ వాళ్ళకు 26, రెండూ కలిపి తీసుకున్నవాళ్ళకు 20. అంటే నొప్పి తగ్గించడంలో ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ జాతి గోలీలదే పైచేయి. కాకపోతే ఆ లెక్క ఆస్పత్రి మంచం మీద, నర్సు కళ్ళ ముందు, ఒక్క రోజుది.

రెండు వారాలు వాడితే? దానికీ జవాబుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 902 మందితో చేసిన పరీక్ష 2006లో వచ్చింది. కొందరికి రోజుకు 1200 మి.గ్రా. ఐబుప్రొఫెన్ 14 రోజులు, మిగతావాళ్ళకు మందు లేని ఉత్త గోలీ ఇచ్చారు. కొత్త కీలు చుట్టూ ఉండకూడని చోట ఎముక పెరగడం ఒకటుంటుంది, అది తగ్గింది. కానీ ఆరు నెలల తర్వాత చూస్తే నొప్పిలోనూ, నడకలోనూ తేడా ఏమీ లేదు. పైగా ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో పెద్ద రక్తస్రావాలు ఎక్కువ కనిపించాయి. నాకు ఈ రెండో పరీక్షే ఎక్కువ ముఖ్యం. మన ఇళ్ళల్లో జరిగేది దాదాపు ఇదే కదా, ఐదు రోజులకు రాసింది పదిహేను రోజులు మింగడం. ఎముక అడ్డదిడ్డంగా పెరిగే ప్రమాదం ఉన్నవాళ్ళకు సర్జన్లు కావాలనే ఇదే జాతి ఇండోమెథాసిన్ లాంటిది కొన్ని వారాలు రాస్తారు. అది వేరు, దాన్ని మధ్యలో సొంతంగా ఆపకూడదు.

ఇక అవ్వ మందుల డబ్బా దగ్గరికి వద్దాం. తుంటి మార్పిడి తర్వాత కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు పోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే రివరాక్సబాన్ మామూలుగా 35 రోజులు వాడిస్తారు. ఎసిక్లోఫెనాక్ లాంటివి ఒకపక్క కడుపు లోపలి పొరను పలచబరుస్తాయి, ఇంకోపక్క రక్తం ఆగే గుణాన్నీ తగ్గిస్తాయి. పుండు పడటం, పడిన పుండు నుంచి కారే రక్తం ఆగకపోవడం, రెండూ ఒకేసారన్నమాట. పొద్దున పరగడుపున వేసే పాంటోప్రజోల్ కడుపును కొంత కాపాడుతుంది. కిడ్నీలకు దాంతో ఒరిగేదేమీ లేదు.

రెండు కాళ్ళూ ఉబ్బాయన్నాడు కదా, అందుకే అవ్వ విషయంలో నా భయమంతా కిడ్నీల గురించే. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం సరిగ్గా అందేలా చూసేది కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీ వాటిని ఆపేస్తుంది. టెల్మిసార్టన్ కిడ్నీలో వడపోత ఒత్తిడిని తగ్గిస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్ ఉన్న నీళ్ళను బయటికి పంపుతుంది. మూడూ కలిస్తే కిడ్నీ ఎటూ తేరుకోలేదు. దీనికి మన ఎండలు తోడు. మే నెలలో ఇక్కడ నలభై అయిదు తాకుతుంది. మాటిమాటికీ బాత్రూముకు లేవలేక ముసలివాళ్ళు నీళ్ళు తాగడమే తగ్గిస్తారు. వాకర్ పట్టుకుని లేచే బాధ వాళ్ళకే తెలుసు, ఆ మాటకు నేను ఎవరినీ కోప్పడను.

డైక్లోఫెనాక్ కిడ్నీని ఏం చేయగలదో మన అడవులు చూశాయి. ఆ మందు వాడిన పశువుల కళేబరాలు తిని దేశమంతటా రాబందులు కిడ్నీలు చెడి రాలిపోయాయి. 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. కుమురం భీం జిల్లా పాలరాపు గుట్ట మీది రాబందుల గురించి విన్నవాళ్ళకు ఈ కథ తెలిసే ఉంటుంది. మనిషి కిడ్నీ అంత సున్నితం కాదు. అయినా డెబ్బై ఏళ్ళ కిడ్నీ మీద పందెం కాయలేం.

అయితే అందరికీ పారాసిటమాలేనా అంటే, కాదు. భూపాలపల్లి నుంచి వచ్చే ఒక ముప్పై ఎనిమిదేళ్ళ అబ్బాయికి తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోయి కీలు మార్చారు. బీపీ లేదు, షుగర్ లేదు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినైన్ (కిడ్నీ మందగిస్తే రక్తంలో పెరుగుతుంది) మామూలుగా ఉంది. అతనికి సర్జన్ పారాసిటమాల్‌తో పాటు సెలికాక్సిబ్ వారం రోజులు రాశాడు. నాకది సబబే అనిపించింది. సెలికాక్సిబ్, ఎటోరికాక్సిబ్ జాతి రక్తం ఆగే గుణాన్ని దాదాపు ముట్టదు, కడుపుకూ కాస్త నయం. కానీ కిడ్నీ విషయంలో అవీ తక్కువేం కాదు. ఎటోరికాక్సిబ్ బీపీని పెంచుతుంది, బీపీ అదుపులో లేనివాళ్ళు దాని జోలికి పోకూడదు. గుండెజబ్బు ఉన్నవాళ్ళకు ఈ జాతీ వద్దు, డైక్లోఫెనాకూ వద్దు. ఇదే జాతిలోని రోఫెకాక్సిబ్‌ను గుండెపోట్ల భయంతోనే 2004లో మార్కెట్ నుంచి తీసేశారు. స్టెంట్ పడి ఎకోస్ప్రిన్ (తక్కువ డోసు ఆస్పిరిన్) వాడేవాళ్ళు ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. ఐబుప్రొఫెన్ ముందు వేసుకుంటే ఎకోస్ప్రిన్ చేయాల్సిన పనికి అది అడ్డు తగులుతుంది.

మూడో దారి ట్రమడాల్, పారాసిటమాల్ కలిసిన గోలీ. కడుపులో పుండు పెట్టదు, కిడ్నీని కొట్టదు. కానీ తల తిరుగుతుంది, వాంతికొస్తుంది, మలబద్ధకం పట్టుకుంటుంది. రాత్రి మత్తులో లేచి పడిపోతే కొత్త కీలు పక్కకు తప్పుతుంది. నాలుగైదు రోజులు, అదీ రాత్రి పూట, మంచం పక్కన మనిషి ఉంటేనే దీనికి నా ఓటు.

అవ్వకైతే గడియారం చూసి వేసే పారాసిటమాలే మేలని ఆ తమ్ముడికి చెప్పాను. నొప్పి పెరిగాక వేస్తే అది సగమే పనిచేసినట్టుంటుంది, అందుకే చాలామంది దాన్ని చిన్నచూపు చూస్తారు. డాక్టర్ రాసిన మూడు పూటలూ తప్పకుండా, గోలీకీ గోలీకీ కనీసం ఆరు గంటలు ఎడం పెట్టి వేయాలి. అందులో ఒకటి ఫిజియోథెరపీకి ముప్పావు గంట ముందు పడేలా చూసుకోవాలి. పెద్దవాళ్ళెవరికైనా రోజు మొత్తం 4 గ్రాములు దాటకూడదు. బక్కపలచని ముసలివాళ్ళకు, రోజూ కల్లో మందో తాగేవాళ్ళకు, లివర్ బాగాలేనివాళ్ళకు ఆ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. ఇక్కడే జనం ఇంకో పొరపాటు చేస్తారు. పేరు చివర "పి" అని ఉన్న నొప్పి గోలీల్లో పారాసిటమాల్ మామూలుగా 325 మి.గ్రా. ముందే కలిసి ఉంటుంది. దానిమీద 650 వేస్తే లెక్క తప్పుతుంది. "ఎస్‌పి" అని ఉంటే వాపు మందు సెరాషియోపెప్టిడేజ్ కూడా కలిపారని. అది ఉత్త గోలీ కంటే మెరుగేమీ కాదని తేలాక 2011లో జపాన్ కంపెనీయే వెనక్కి తీసుకుంది. మన దగ్గర ఇంకా జోరుగా అమ్ముడుపోతోంది, మా షాపులో కూడా.

వాపుకు ఐసు ముక్కలు కవర్లో వేసి, తువ్వాల చుట్టి పావుగంట పెట్టడం మంచిది. కుట్లు తడవకూడదు. నొప్పి జెల్ తుంటి లోతుకు చేరదు, గాయం మీద అసలే పూయొద్దు. ఊళ్ళో సూది వేయించుకోవడం నాకు ఇంకా భయం. అందులోనూ డైక్లోఫెనాకే ఉంటుంది, ఆపరేషనైన వైపు పిర్రకు గుచ్చితే చీము పట్టే ప్రమాదం కూడా.

మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం తగ్గినా, పిక్క గట్టిపడి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా, గాయం నుంచి చీము కారినా గోలీ మార్చడం కాదు, ఆస్పత్రికి పోవడమే. నొప్పి గోలీలు జ్వరాన్ని దాచేస్తాయి, జ్వరం లేదు కదా అని ధీమాగా ఉండకూడదు.

ఆ తమ్ముడికి ఎసిక్లోఫెనాక్ ఇవ్వలేదు. డాక్టర్‌కు ఫోన్ చేయించి, అదే రోజు రక్తపరీక్షకు పంపాను. క్రియాటినైన్ 1.9 ఉంది. ఆపరేషన్‌కు ముందు 1 లోపే. ఎసిక్లోఫెనాక్ ఆపించి, బీపీ మందు కూడా డాక్టరే మార్చాడు. పది రోజుల తర్వాత 1.2కు దిగింది, రెండో కాలి వాపు పోయింది. ఆ తమ్ముడు మళ్ళీ వచ్చినప్పుడు పారాసిటమాల్ రెండు షీట్లు తీసుకున్నాడు.

"నొప్పి ఎట్లుందిరా?"

"ఉన్నదన్నా కొంచెం. కానీ వాకర్‌తోని వాకిట్లదాకా వస్తున్నది. డబ్బా మూత మీద స్కెచ్ పెన్నుతోని టైములు రాసిన. ఒక్క నిమిషం లేటైతే ఆమెనే లొల్లి పెడుతున్నది."