తెలుగు చదవడానికి రీడలాంగ్ కథలు: ఎవరికి పనికొస్తాయి, ఎవరికి రావు

బెజవాడలో ఇప్పుడు చిన్న పిల్లలున్న ఏ ఇంటికెళ్ళినా వినపడేది ఒకటే మాట, "తెలుగు గలగలా మాట్లాడుతుందండీ, పుస్తకం చేతికిస్తే మాత్రం నోరు పెగలదు" అని. మా పాపదీ ఇదే కథ. సత్యనారాయణపురంలో ఇంగ్లిష్ మీడియం, రెండో తరగతి, గుణింతాలన్నీ వచ్చు, ఒత్తులు కూడా చాలావరకు గుర్తుపడుతుంది, కానీ వాక్యం చదవమంటే ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మూడో పదం దగ్గరే విసుగొచ్చి వదిలేస్తుంది. అందుకే వేసవి సెలవుల నుంచి రీడలాంగ్ కథలు పెడుతున్నాం. అంటే ఒకరు కథ చదువుతుంటే తెర మీద ఆ పదమే రంగు మారుతూ పోతుంది, పిల్లలు వింటూ కళ్ళతో దాని వెంట వెళ్ళాలి.

ముందే చెప్పేస్తున్నా, అక్షరాలు రాని పిల్లలకి ఇవి అక్షరాలు నేర్పవు. రంగు మారేది మొత్తం పదానికి, అందులో ఏది అక్షరం, ఏది ఒత్తు అన్నది ఎవరూ విడదీసి చూపించరు. "ప"కీ "వ"కీ, "మ"కీ "య"కీ తేడా ఇంకా తడబడుతుంటే పలకా బలపమే మేలు. అక్షరాలు వచ్చి పదం దగ్గర ఆగిపోయే పిల్లలకి మాత్రం ఇంతకన్నా మంచి సాయం నాకు కనపడలేదు.

ఎందుకంటే మన పదాలు పొడుగు. "వెళ్ళిపోతున్నాడు" అన్నది ఒక్క పదం. పిల్ల "వె... ళ్ళి... పో..." అనుకుంటూ చివరికి చేరేసరికి మొదలు మర్చిపోతుంది. "చెట్టెక్కింది" ఇంకా కష్టం, చెట్టు వేరు ఎక్కడం వేరు అని తెలిసిన పిల్లకి కూడా ఆ రెండూ అతుక్కుని కనపడితే అదేదో కొత్త మాటలా ఉంటుంది. అదే పదాన్ని ఎవరైనా ఒక్క ఊపిరిలో పలుకుతుంటే వింటూ చూస్తే, "ఓ, ఇదా, ఇది నాకు తెలుసు" అనిపిస్తుంది. నోటికొచ్చిన భాషకీ కంటికి కనపడే అక్షరానికీ మధ్య ముడి పడేది అక్కడే.

మేం ఎక్కువగా వాడింది ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్. 2015లో మొదలైన సైటు, కథలన్నీ ఉచితం, చదివే స్థాయిని బట్టి నాలుగు లెవెల్స్‌గా విడదీసి పెట్టారు. మొదటి లెవెల్ కథల్లో పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలే, బొమ్మ కదలదు, కాబట్టి చూపు అక్షరం మీదే నిలుస్తుంది. మామూలు కథలతో పోలిస్తే తెలుగులో రీడలాంగ్‌లు తక్కువ, అదొక్కటే నాకు లోటు. ఎవరైనా పెంచితే బాగుండు.

రెండోది బుక్‌బాక్స్ యానిబుక్స్, అంటే కింద అక్షరాలు పడే కదిలే బొమ్మల కథలు, యూట్యూబ్‌లో దొరుకుతాయి, తెలుగులో కూడా ఉన్నాయి. దీని వెనక ఉన్నది బ్రిజ్ కొఠారి గారు, టీవీలో సినిమా పాట వస్తుంటే కింద అదే భాషలో పాట అక్షరాలు వేస్తే జనానికి చదవడం అలవాటవుతుందని 1996 నుంచి పట్టుబట్టిన మనిషి. ఆలోచన గొప్పది. కానీ ఇక్కడ బొమ్మలు కదులుతాయి, ఏనుగు గెంతుతుంటే ఏ పిల్లయినా ఏనుగునే చూస్తుంది కానీ కింద అక్షరాలు చూడదు. కథ మీద ఇష్టం పుట్టించడానికి ఇది, చదువుకి స్టోరీవీవర్, నా లెక్క ఇది.

డబ్బు కట్టి తీసుకున్న ఇంకో యాప్ కూడా ఉంది, పేరొద్దు. అందులో గొంతు మనిషిది కాదు, మిషన్‌ది. "భ"ని "బ" అంటుంది, పదం ఒకచోట వెలుగుతుంటే మాట ఇంకోచోట వినపడుతుంది. ఇలాంటిది అసలు పెట్టకపోవడమే నయం, పిల్లలు తప్పునే పట్టుకుంటారు. ఏది కొన్నా ముందు ఒక కథ మీరు పూర్తిగా విని చూడండి.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. అదే కథ నాలుగుసార్లు వింటే పిల్లలకి నోటికొచ్చేస్తుంది, తెర చూడకుండానే గడగడా చెప్పేస్తారు, మనం చదువొచ్చిందని మురిసిపోతాం. మా అత్తయ్య గారు దీనికి మంచి ఉపాయం పట్టారు. సౌండ్ తీసేసి, కథ మధ్యలో ఏదో పేజీ తెరిచి, "ఏదీ, ఈ లైన్ చెప్పమ్మా" అంటారు. అక్కడ చదివితేనే చదివినట్టు. పాప కూడా ఈ మధ్య "నానమ్మా, నువ్వు సౌండ్ ఆపు, నేనే చదువుతా" అంటోంది, ఆ మాట వింటే ఎంత సంతోషమో చెప్పలేను.

ఫోన్ మీద కన్నా కాగితం మీద చదివించడం మంచిదనుకునే వాళ్ళు అదే కథ పీడీఎఫ్ దించుకుని జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకోవచ్చు, స్టోరీవీవర్ కథలకి అందుకు అనుమతి ఉంది. ఏలూరు రోడ్డులో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల షాపుల్లో కూడా బొమ్మల కథల పుస్తకాలు ఏరుకోవచ్చు. తెర మీద విన్న కథ కాకుండా, ఎప్పుడూ విననిది ఒకటి కూడా చేతికివ్వండి, పక్కన కూర్చుని.