గోడౌనా, స్టూడియోనా? రైలా, బండా? ఒక అనంతపురం బ్యాండ్ లెక్కలు

మేం నలుగురం. ఊరు అనంతపురం, పాటలు తెలుగులో, వాయించేది రాక్. కొత్త ఆల్బమ్‌కి ఎనిమిది పాటలు కుదిరేసరికి అందరి జేబులూ దులిపితే తేలింది 1,10,000 రూపాయలు. రికార్డింగూ అందులోనే, ఆ తర్వాత ఊళ్లు తిరిగి వాయించడమూ అందులోనే. లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంటుంది (బేస్ గిటార్ వాయించేవాడికి బ్యాండ్‌లో ఇలాంటి పనులే తగులుతాయి). ఈ మధ్య కర్నూలు నుంచి, కడప నుంచి ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు "అన్నా, ఇంట్లో చేసుకుంటే మేలా, స్టూడియోకి పోతే మేలా" అని అడిగారు. ఒక్క ముక్కలో చెప్పలేను. మేం రెండూ చేశాం, రెండింట్లోనూ దెబ్బలు తిన్నాం.

ముందు స్టూడియో లెక్క. బెంగళూరులో మాకు చెప్పిన రేటు గంటకు 1,500, ఇంజినీరుతో కలిపి. ఎనిమిది పాటలకు పన్నెండు రోజులు, రోజుకు పది గంటలు అనుకుంటే 1,80,000. దాని మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 32,400. మొత్తం 2,12,400, తిండి, బస కాకుండా. మా గిటారిస్టు అప్పు చేద్దామన్నాడు. వాడికింకా పెళ్లి కాలేదు, ఏమైనా అంటాడు.

అదే గిటారిస్టు మేనమామకు రాప్తాడు దగ్గర ఒక రేకుల గోడౌన్ ఉంది. అందులో చెనిక్కాయల (వేరుశెనగ) మూటలు వేస్తాడు. అద్దె లేదు కదా అని డిసెంబరులో అక్కడ డ్రమ్స్ పెట్టాం. మూడు వైపులా మనిషెత్తు మూటలు, కింద పాత బొంతలు, మధ్యలో డ్రమ్స్. నమ్మరుగానీ శబ్దం చాలా బాగా వచ్చింది. గోనెసంచి, దాంట్లో పొట్టుతో ఉన్న కాయలు, కాయకీ కాయకీ మధ్య గాలి సందులు. శబ్దం లోపలికి పోయి అక్కడే అణిగిపోతుంది, వెనక్కి రాదు. స్టూడియోల వాళ్లు రాక్‌వూల్ పలకలు కొని గోడలకు బిగించుకునేది ఇందుకే. మామ మొదటిరోజు గుమ్మంలో నిలబడి కాసేపు విని, "ఏమప్పా, పాటనా ఇది, బోరు వేస్తాండారా?" అనేసి పోయాడు.

ఐదు పాటల డ్రమ్స్ అయ్యాయి. సంక్రాంతికని రెండు వారాలు ఆగాం. ఆ మధ్యలో చెనిక్కాయల రేటు కాస్త పెరిగింది, మామ లారీ పిలిపించి మూటలన్నీ ఎత్తించేశాడు. ఆయన వ్యాపారం ఆయనది, మమ్మల్ని అడిగి అమ్ముతాడా? మేం మిగతా మూడు పాటలకు పోయేసరికి ఖాళీ షెడ్డు. స్నేర్ (గట్టిగా పలికే చిన్న డ్రమ్ము) మీద ఒక్క దెబ్బ కొడితే రేకులు, గోడలు, గచ్చు అన్నీ కలిసి జవాబు చెప్పాయి, పాడుబడ్డ బావిలో రాయి వేసినట్టు. అవే డ్రమ్స్, అదే మనిషి, అవే మైకులు. అయినా వింటుంటే ఐదు పాటలు ఒక బ్యాండ్‌వి, మూడు పాటలు ఇంకో బ్యాండ్‌వి. ఎంత ఈక్యూ (బేస్, ట్రెబుల్ హెచ్చుతగ్గులు) తిప్పినా కలవలేదు. అసలు ఆ గోల గదిదే కాబట్టి, స్నేర్‌లోంచి గదిని పూర్తిగా తీసేయడం ఎవరి వల్లా కాదు.

ఇంకో తప్పు కూడా చేశాం, అది పూర్తిగా నాది. గోడౌన్ పక్కనున్న చిన్న ఆఫీసు గదిలో స్పీకర్లు పెట్టుకుని మిక్సింగ్ (రికార్డు చేసినవన్నీ సరిపాళ్లలో కలపడం) మొదలుపెట్టాను. బేస్‌లో 'A' తీగ మీటినప్పుడల్లా గది ఊగిపోతోంది, 'E' తీగ మీటితే అసలు వినపడటం లేదు. నా వాయింపే అలా ఉందేమోనని వారం రోజులు బాధపడ్డాను. చివరికి టేపు తెచ్చి గది కొలిస్తే వెడల్పు సరిగ్గా 10 అడుగులు, అంటే 3.05 మీటర్లు. శబ్దం వేగం సెకనుకు దాదాపు 343 మీటర్లు కదా, దాన్ని ఈ కొలతకు రెట్టింపుతో భాగించండి, 56 వస్తుంది. ఆ గది తనంతట తాను మోగేది 56 హెర్ట్జ్ దగ్గర. బేస్‌లో 'A' తీగ 55 హెర్ట్జ్, 'E' తీగ 41. ఎక్కువగా వినిపిస్తోందని నేను తగ్గించుకుంటూ పోయిన బేస్, తీరా కారులో వేసి వింటే మాయం. మీ గది కూడా 10 అడుగులైతే బేస్ సంగతి హెడ్‌ఫోన్స్‌లోనే తేల్చుకోండి, స్పీకర్లను నమ్మొద్దు.

ఈ రెండు దెబ్బల తర్వాత "గోడౌనా, స్టూడియోనా" అనే ప్రశ్నే తప్పనిపించింది. తర్వాత బాగుచేసుకోగలిగేది ఏది, చేసుకోలేనిది ఏది అని చూసుకున్నాం. గిటార్ బాగుచేసుకోవచ్చు. ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) లేకుండా నేరుగా తీగల సిగ్నల్ రికార్డు చేసుకుని, ఆ తర్వాత ఏదో ఒకరోజు స్టూడియోలో ఆ సిగ్నల్‌ని మంచి ఆంప్‌లోకి పంపి, దాని ముందు మైకు పెడితే చాలు. రీఆంపింగ్ అంటారు. బేస్ కూడా అంతే. పాట నచ్చకపోతే మళ్లీ పాడొచ్చు. డ్రమ్స్ ఒక్కటే అలా కుదరదు. తక్కువలో తక్కువగా పట్టినా నాలుగు మైకులు ఒకేసారి కావాలి, కిక్‌కి (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ముకి) ఒకటి, స్నేర్‌కి ఒకటి, పైన రెండు, ఆ పైన రెండూ స్నేర్‌కి సమాన దూరంలో. గ్లిన్ జాన్స్ అనే ఇంగ్లండు ఇంజినీరు పేరుతో ఈ పద్ధతి అందరికీ తెలుసు. మా ఇంటర్‌ఫేస్‌కి (మైకుల్ని కంప్యూటర్‌కి కలిపే పెట్టెకి) ఉన్నవేమో రెండు ఇన్‌పుట్లు. (మరి గోడౌన్‌లో ఐదు పాటలు ఎలా చేశారంటారా, తెలిసినవాళ్ల ఎనిమిది ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ అడిగి తెచ్చుకున్నాం, రెండోసారి అడగడానికి మొహం చెల్లలేదు.) అది కొని, పైగా మైకులు కొనే బదులు రెండు రోజులు స్టూడియోకి పోవడం చవక.

ఏప్రిల్‌లో పోయాం. ఇరవై గంటలు, జీఎస్టీతో 35,400. మొదటిరోజు మధ్యాహ్నం దాకా మైకులు సర్దడం, డ్రమ్ములు శ్రుతి చేయడంతోనే సరిపోయింది. ఆరోజు మూడు పాటలు, మర్నాడు ఐదు. కొత్త చర్మాలు ముందే వేయించుకుని పోయుంటే, నా లెక్కన, ఒక మూడు గంటలు మిగిలేవి. ఒక మంచి పని మాత్రం చేశాం. క్లిక్‌తో (తాళం తప్పకుండా చెవిలో టిక్కుమనే శబ్దంతో) గిటార్, గొంతు ముందే ముతగ్గా రికార్డు చేసి తీసుకుపోయాం, డ్రమ్మర్ వాటిని వింటూ వాయించాడు, మిగతా ముగ్గురం గాజు ఇవతల కూర్చుని టీలు తాగాం.

గొంతులు, గిటార్లు మళ్లీ గోడౌన్‌లోనే. పగలు కుదరదు. ఏప్రిల్ ఎండకు రేకులు టపటపమంటాయి, హైవే మీద లారీల హారన్లు సరేసరి. రాత్రి ఒంటిగంట తర్వాత, తలుపు తీసిన బీరువా ముందు, మూడు వైపులా బొంతలు వేలాడదీసి పాడించాం. అప్పుడు కూడా పక్క చేన్లో త్రీఫేజ్ కరెంటు వచ్చిందంటే ఆటో స్టార్టర్ టక్కుమంటుంది, వెంటనే మోటారు. ఆ మోటారు తిరుగుతున్నంతసేపు, కరెంటు శబ్దాలను ఇట్టే పట్టేసే సింగిల్ కాయిల్ పికప్ గిటార్‌లో గుయ్యిమని ఒకటే రొద. గిటార్ పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరిగి, రొద తక్కువున్న మూల చూసుకుని, ఆ మూలకే తిరిగి కూర్చుని వాయించాడు మావాడు. ఒక పాటలో ఆ టక్కు అలాగే ఉంచేశాం. బాగుంది మరి.

నలుగురూ కలిసి ఒకేసారి లైవ్‌గా వాయించి అదే ఆల్బమ్‌గా పెట్టేయడం ఇంకో దారి. ఢిల్లీ బ్యాండ్ ఇండియన్ ఓషన్ 1997లో తెచ్చిన రెండో ఆల్బమ్ అలాంటి లైవ్ రికార్డింగే, ఇప్పటికీ విని నేర్చుకోవాల్సింది. అన్నిటికంటే చవక కూడా ఇదే. కానీ దానికి నలుగురి చేతులూ ఒకే మాట మీద ఉండాలి. మా డ్రమ్మర్‌కి ఉత్సాహం వస్తే పాట చివరికొచ్చేసరికి గూడ్సు బండి కాస్తా ఎక్స్‌ప్రెస్ అవుతుంది. మాకొద్దు.

రీఆంపింగ్‌కి ఆరు గంటలు, 10,620. మిక్సింగ్, మాస్టరింగ్ (విడుదలకు ముందు చివరి మెరుగు) పాటకు 3,500 చొప్పున బయటివాళ్లకు ఇచ్చేశాం, నా పది అడుగుల గది దెబ్బకు బుద్ధి వచ్చి. అది 28,000. అంతా పోను చేతిలో 35,980. ఆల్బమ్ మీద వచ్చే డబ్బు సంగతి అడక్కండి. స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాటను పన్నెండు నెలల్లో వెయ్యిసార్లు వింటే తప్ప దానికి లెక్కే కట్టరు, మా ఎనిమిదింట్లో ఆ గీత దాటేవి రెండో మూడో. కాబట్టి మిగిలిన దారి తిరగడమే.

రైలా, బండా? స్లీపర్‌లో మనిషికి 40 కిలోలు ఉచితం, నలుగురికి 160, బరువు లెక్కన చూస్తే హాయిగా సరిపోతుంది. చిక్కంతా సైజుతో. పెట్టె 100, 60, 25 సెంటీమీటర్లు దాటితే బోగీలోకి కాదు, బ్రేక్ వ్యాన్‌కే. 22 అంగుళాల కిక్ డ్రమ్ అడ్డంగానే 56 సెంటీమీటర్లు, లోతు 45. పార్శిల్‌లో వేస్తే మనతోపాటే దిగుతుందన్న నమ్మకం నాకు లేదు. అందుకని బెంగళూరు పబ్బులకు రైలు, ఎందుకంటే అక్కడ డ్రమ్స్ వాళ్లవే ఉంటాయి, మనం స్నేర్, సింబల్స్, పెడల్ పట్టుకుపోతే చాలు. కర్నూలు, కడప వైపు తూఫాన్ (జీపు లాంటి పెద్ద బండి) మాట్లాడుకోవాల్సిందే. కాసేపల్లి, అమకతాడు టోల్‌గేట్లు, డీజిల్, డ్రైవర్ బత్తా, గుత్తిలో ఉగ్గాని బజ్జీ, అన్నీ కలిపితే రైలుకు నాలుగింతలు. అయినా రాత్రి పదకొండున్నరకు షో ముగించుకుని, గిటార్లు ఒళ్లో పెట్టుకుని తెల్లవారుజాము రైలు కోసం ప్లాట్‌ఫాం మీద ఒకసారి కూర్చున్నాక, తూఫాన్‌కి ఇచ్చే డబ్బు దండగ అనిపించలేదు.

ఏ ఊరికి పోవాలన్నది మాత్రం దూరం చూసి తేల్చుకోవచ్చు. అనంతపురానికి బెంగళూరు 215 కిలోమీటర్లు, హైదరాబాదు 360. కర్నూలు వాళ్లకు హైదరాబాదే 215, కాబట్టి నా మాట విని బెంగళూరు రాకండి. మాకు అక్కడ ఇంకో లాభముంది. మారతహళ్లి, బీటీఎం పీజీల నిండా మన సీమ పిల్లలే. పబ్బువాళ్లు కవర్లు (వేరేవాళ్ల పాటలు) వాయించమంటారు, సొంత పాటలకు పేరున్న హమ్మింగ్ ట్రీ పబ్బు 2019లోనే మూతపడింది, అయినా ముందు వరసలో పదిమంది కడప యాసలో అరిస్తే పని జరుగుతుంది.

కాలేజీ ఫెస్టులంటే పైకి ఘనంగా ఉంటాయి, రెండువేల మంది జనం, పెద్ద స్టేజి. ఒకచోట మాకు ఎనిమిదిన్నరకని చెప్పారు. ముఖ్య అతిథి, గౌరవ అతిథి, ఆ తర్వాత శాలువాలు, మేం స్టేజి ఎక్కేసరికి 9:35. రాత్రి పదికి మైకు ఆపాలన్నది చట్టం, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు. సౌండ్ చెక్ పోను మూడు పాటలు, నాలుగో దానికి కానిస్టేబుల్ వచ్చి చెయ్యి చూపించాడు. డబ్బు మాత్రం పూర్తిగా ఇచ్చారు, అది చెప్పాలి. జనమంతా మా తర్వాత వచ్చే డీజే కోసం ఉన్నారని మాకూ తెలుసు.

దానికంటే మేలైంది మేం అసలు లెక్కలో వేసుకోనిది. ఆగస్టులో అదే గోడౌన్‌లో, ఖాళీగానే ఉంది కదా అని, మనిషికి 150 పెట్టి సాయంత్రం ఆరుకు షో పెట్టాం. మధ్యాహ్నం సౌండ్ చెక్‌లో స్నేర్ మళ్లీ ఆ పాత బావిలోంచే వచ్చింది, డ్రమ్మర్ తల పట్టుకున్నాడు. ఆరున్నరకు 110 మంది నిలబడ్డారు, మొదటి దెబ్బకే తేడా తెలిసింది, డిసెంబరు నాటి స్నేర్! మూటలు చేసిన పనే ఒళ్లు, బట్టలు చేశాయి. టికెట్ల మీద 16,500 వచ్చాయి, మూడు కాలేజీలకు తిరిగినా అంత మిగల్లేదు. మామ చివరిదాకా గుమ్మంలోనే నిలబడి, జనం పోయాక వచ్చి, "అక్టోబరు ఆఖరుకు కొత్త కాయ లోపలికొస్తాదప్పా, ఆలోపల ఇంకో రెండు పెట్టుకోండి" అన్నాడు. ఒకటి సెప్టెంబరు రెండో శనివారానికి ఖాయం చేశాం.