అతుకుల బొంతకు ఏది మేలు: సాదా గుడ్డలా, ప్రింట్లా?

నా మొదటి అతుకుల బొంతలో పదహారు నక్షత్రాలున్నాయి. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. విడిగా చూస్తే ఏ గుడ్డకా గుడ్డ ముద్దొచ్చేది: నీలం మీద సన్న పూలు, ఆకుపచ్చ మీద తీగలు, గులాబీ మీద చుక్కలు. అన్నీ కలిపి కుట్టి, మంచం మీద పరిచి, గుమ్మం దగ్గర నిలబడి చూస్తే నక్షత్రం ఒక్కటీ లేదు. రంగులు వేరైనా అన్నీ మధ్యరకమే, ముదురూ కాదు, లేతా కాదు. ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

అందుకే సాదా గుడ్డ కొనాలా, ప్రింటు కొనాలా అని అడిగేవాళ్ళను ముందు లేత, ముదురు చూసుకున్నారా అని అడుగుతాను. గుడ్డలన్నీ పక్కపక్కన పరిచి ఫోన్‌తో ఫొటో తీసి, బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. ఏ రెండు గుడ్డలు ఒకే బూడిద రంగులో తేలాయో, అవి పక్కపక్కన పడితే వాటి మధ్య అంచు కనపడదు. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన భలే కొట్టొచ్చినట్టుంటాయి కదా, ఈ పరీక్షలో చాలాసార్లు ఆ జోడీయే తప్పుతుంది.

ఇక సాదా గుడ్డల సంగతి. ఆకారం స్పష్టంగా నిలబడాలంటే వీటికి మించినవి లేవు. అమెరికాలో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ప్రాంతంలో ఆమిష్ అనే క్రైస్తవ వర్గపు ఆడవాళ్ళు పువ్వూ చుక్కా లేని సాదా ఉన్ని గుడ్డలతోనే బొంతలు కుట్టి పేరు తెచ్చుకున్నారు. మధ్యలో పెద్ద వజ్రం ఆకారం, చుట్టూ వెడల్పాటి పట్టీలు, అంతే. అయితే సాదా గుడ్డ దేన్నీ దాచదు. మూల నూలుపోగంత పక్కకు జరిగినా తెలుస్తుంది. పై కుట్టు వంకరపోయినా, మరక పడినా అంతే. కుట్టు చేయి తిరిగినవాళ్ళకు అదే వరం. నాలాంటివాళ్ళకు టెన్షన్.

ప్రింటు తప్పుల్ని దాచేస్తుంది. మూలలు కలవకపోయినా కన్ను పూలల్లో పడిపోతుంది. కానీ సన్న ప్రింటు దూరం నుంచి సాదా గుడ్డలాగే కనిపిస్తుందని గుర్తుంచుకోవాలి. పెద్ద ప్రింటుది ఇంకో తంటా. అరచేయంత పువ్వున్న గుడ్డను మూడంగుళాల ముక్కలుగా కోస్తే ఒకదాంట్లో అర రేకు, ఇంకోదాంట్లో ఉత్త నేపథ్యం వస్తాయి. నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోతుంది కాబట్టి చివరికి పైకి కనపడేది రెండున్నర అంగుళాలే. కొనేముందు అట్టముక్కలో రెండున్నర అంగుళాల చదరపు కిటికీ కోసి, గుడ్డ మీద అటూ ఇటూ జరిపి చూడండి. కిటికీలోంచి నచ్చితేనే తీసుకోండి. గీతల గుడ్డ, గళ్ళ గుడ్డ మొదటిసారికి వద్దే వద్దు. కత్తెర కాస్త వంకరపోతే గీత ఊరంతా చాటుతుంది.

రెండు మూడు రంగులకే కట్టుబడాలా, ఇంట్లో మిగిలిన ముక్కలన్నీ వాడాలా? రెండు మూడు రంగులైతే చెడిపోయే భయం తక్కువ. నా ఓటు మాత్రం ముక్కలకే, ఒక షరతు మీద: లేత సాదా గుడ్డ ఒకటి బొంత ఈ చివర నుంచి ఆ చివర దాకా వస్తూ ఉండాలి. కంటికి ఊపిరాడేది అక్కడే. మొత్తమ్మీద మూడింట రెండు వంతులు ప్రింట్లు, ఒక వంతు సాదా అనే లెక్క నాకు కుదిరింది.

రంగును విడిగా ఎంచుకోవడం ఎందుకు కుదరదో పారిస్‌లోని గోబెలిన్ల నేతశాలలో షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్తకు తెలిసొచ్చింది. నల్ల దారం నలుపు తేలిపోతోందని ఫిర్యాదు వస్తే ఆయన పరీక్షించి చూశాడు. తప్పు అద్దకంలో లేదు, ఆ దారం పక్కన పడిన నీలం, ఊదా రంగులది. రంగుల పొరుగు ప్రభావం మీద 1839లో ఏకంగా పుస్తకమే వేశాడు. మీ గుడ్డల్లోనూ లేత పసుపు పక్కన బాగున్న గోధుమరంగు ముదురు నీలం పక్కకొచ్చేసరికి మారిపోతుంది. అందుకే కుట్టేముందు ముక్కలన్నీ నేల మీద పరిచి, ఒక రాత్రి అలాగే వదిలేసి, పొద్దున్నే మళ్ళీ చూస్తాను.

ముదురు ఎరుపు, ముదురు నీలం గుడ్డల మీద తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే విడిగా ఉతకాలి, అంటడం ఆగేదాకా బొంతలోకి రానివ్వకూడదు. ఇస్త్రీ చేసేటప్పుడు కుట్టు అంచుల్ని ముదురు గుడ్డ వైపు మడవండి, లేకపోతే లేత గుడ్డ కింద నుంచి నల్లటి గీతలా కనిపిస్తాయి.

రెండో బొంతకు అవే ప్రింట్లు వాడాను, నక్షత్రాల వెనక మాత్రం మీగడ రంగు సాదా గుడ్డ వేశాను. ఈసారి గుమ్మం నుంచి పదహారూ లెక్కపెట్టొచ్చు.