బాటు తిరగ్గొట్టాలా, వడపోత హెచ్చరించాలా: చిన్న వికీకి ఏది మేలు?

వికీ శిక్షణకు వెళ్ళిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు: "ఇంగ్లీషు వికీపీడియాలో పిచ్చి రాతలు రాస్తే క్షణాల్లో బాటు తీసేస్తుంది కదండీ, తెలుగులోనూ అలాంటిది పెడితే మీకింత శ్రమ ఉండదు కదా?" ఈ నెలలో ముగ్గురు అడిగారు. తెలుగు వికీలో ఎవరేం మార్చారో చూపించే "ఇటీవలి మార్పులు" పేజీ చూస్తూ చాలా సాయంత్రాలు గడిపినవాడిగా నా జవాబు ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు బాటు సంగతి. బాటు అంటే తనంతట తానే వికీలో మార్పులు చేసే ప్రోగ్రాము. ఇంగ్లీషు వికీలో 2010 నుంచి క్లూబాట్ ఎన్‌జీ పనిచేస్తోంది. మంచివి ఏవో, దుశ్చర్యలు (కావాలని పేజీని పాడుచేసే మార్పులు) ఏవో మనుషులు తేల్చి చెప్పిన మార్పులను చూసి నేర్చుకున్న బాటు అది. ప్రతి కొత్త మార్పూ దుశ్చర్య అయ్యే అవకాశం ఎంతో చూసి మార్కులు వేస్తుంది, మార్కులు గీత దాటితే తిరగ్గొడుతుంది, అంటే ఆ మార్పును రద్దుచేసి పేజీని మునుపటిలా పెడుతుంది. గీత ఎక్కడ గీయాలన్నది మాత్రం మనుషుల నిర్ణయమే. మంచి మార్పుల్లో వెయ్యికి ఒకటి కంటే ఎక్కువ పొరపాటున పోకూడదనుకుంటే దుశ్చర్యల్లో సుమారు 40 శాతం దొరుకుతాయని దాన్ని తయారుచేసినవాళ్ళే చెప్పారు. వెయ్యికి రెండున్నర దాకా పోయినా పరవాలేదనుకుంటే 55 శాతం దాకా దొరుకుతాయి. అంటే ఎక్కువమంది దొంగలను పట్టుకోవాలంటే ఎక్కువమంది మంచివాళ్ళను కొట్టాల్సిందే.

ఆ బాటు వల్ల మేలు లేదని నేను అనను. అది ఆగిపోయిన రోజుల్లో ఏమైందో స్టువర్ట్ గైగర్, ఆరన్ హాఫేకర్ అనే పరిశోధకులు లెక్క తీసి 2013లో ప్రచురించారు. చెత్త రాతలు పేజీలో నిలిచి ఉండే సమయం దాదాపు రెట్టింపయింది. అయితే చివరికి మనుషులు వాటన్నిటినీ శుభ్రం చేశారు. బాటు ఇచ్చింది వేగం. మన వికీకి అంత వేగం అవసరమా? ఒక్క రోజు మార్పులను ఇద్దరు ముగ్గురు కూర్చుని చదవగలిగే చోట, పిచ్చి రాత ఒకటి రెండు గంటలు ఉండిపోవడం నాకంత పెద్ద నష్టంగా కనిపించదు.

నన్ను కలవరపెట్టేది పొరపాటున కొట్టేసే ఆ ఒక్క మార్పు. తెలుగు వికీలో కొత్తవాళ్ళు చాలామంది తమ ఊరి పేజీతోనే మొదలుపెడతారు. 2016 అక్టోబరులో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. మహబూబాబాద్ దగ్గరి పల్లెటూరి మనిషి ఒకరు లాగిన్ కాకుండా వచ్చి, పేజీ పక్కన ముఖ్య వివరాలుండే సమాచారపెట్టెలో జిల్లా పేరు "వరంగల్" తీసేసి "మహబూబాబాద్" అని రాశారనుకోండి. మూలం ఇవ్వలేదు, ఏం మార్చారో చెప్పే దిద్దుబాటు సారాంశం రాయలేదు. యంత్రానికి అది పేరు మార్చి ఆటపట్టించే కుర్రాడి పనిలాగే కనబడొచ్చు. నాకు మాత్రం చూడగానే తెలుస్తుంది, ఆయన సరిగ్గానే దిద్దారని. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడూ ఇలాంటి మార్పులకే అవకాశం వచ్చింది.

ఆయన సేవ్ నొక్కి, "మన ఊరి పేజీ సరిచేశాను" అని ఇంట్లో వాళ్ళకు చూపించేలోపే రాసింది మాయమైతే ఎలా ఉంటుంది? వాడుకరి చర్చ పేజీ అనేది ఒకటుందని, అక్కడ బాటు ఏదో రాసిపెట్టిందని, పొరపాటైతే ఫిర్యాదు చేయడానికి లింకు ఉందని ఆయనకెలా తెలుస్తుంది? మళ్ళీ రారు. వేలమంది రాసే ఇంగ్లీషు వికీ ఆ నష్టాన్ని తట్టుకోగలదేమో. మనకు ఆ ఊరి గురించి రాయడానికి ఇంకో మనిషి దొరకడానికి ఏళ్ళు పట్టొచ్చు.

అందుకే నా మొగ్గు దుశ్చర్యల వడపోత వైపు. ఇంగ్లీషు వికీలో 2009 నుంచి ఉంది. మార్పు భద్రం కాకముందే అది చూస్తుంది. నిర్వాహకులు రాసిన నియమానికి తగిలితే గుర్తు పెట్టి వదిలేయొచ్చు, హెచ్చరించొచ్చు, పూర్తిగా ఆపేయొచ్చు. నాకు నచ్చేది నడిమిది. హెచ్చరిక చూసిన మనిషి ఆలోచించుకుని మళ్ళీ సేవ్ నొక్కితే మార్పు భద్రమవుతుంది, రాసింది ఎక్కడికీ పోదు.

నియమాలు మన ఇబ్బందులకు తగ్గట్టు మనమే రాసుకోవచ్చు: పేజీ మొత్తం ఖాళీ చేయడం, ఒకే అక్షరం ఇరవైసార్లు, సినిమా హీరో పేజీలో అభిమానుల తిట్లు, వ్యాసం మధ్యలో పది అంకెల ఫోన్ నంబరు. ఈ చివరిది పాత పుస్తకాల ఐఎస్‌బీఎన్‌కి కూడా తగులుతుంది, అవీ పది అంకెలే మరి. బాటు అయితే ఆ పుస్తకం వివరాలు ఎగిరిపోయేవి. ఇక్కడ రాసేవారు ఇంకోసారి నొక్కితే చాలు. వడపోతకూ లోపం ఉంది. మొండివాడు నియమాన్ని కనిపెట్టి చుట్టూ తిరిగి వస్తాడు, అది పట్టిన మార్పుల చిట్టాను వారానికోసారైనా ఎవరో ఒకరు చూడాలి. పుట్టిన సంవత్సరం 1953ని 1955 చేసే రకాన్ని వడపోత పట్టలేదు, బాటుకూ కష్టమే. ఆ పేజీని తన వీక్షణ జాబితాలో (మార్పులు గమనించాలనుకునే పేజీల జాబితా) పెట్టుకున్న మనిషే పట్టాలి.

వికీపీడియాను నడిపే వికీమీడియా వాళ్ళది ఆటోమోడరేటర్ అని ఇంకోటుంది, అదీ చెడ్డ మార్పులను తనంతట తానే తిరగ్గొట్టేదే. అది 2024లో టర్కిష్ వికీలో మొదలైంది. ఎంత జాగ్రత్తగా ఉండాలో సముదాయమే నిర్ణయించుకోవచ్చు, అది బాగుంది. ఏ భాషకైనా సరిపోయేలా చేసిన దాని నమూనా రాసిన మాటలను చదవదు, మార్పు ఆకారాన్ని చూసి అంచనా కడుతుంది. జిల్లా పేరు దిద్దినాయన దగ్గర నా భయం అలాగే ఉంటుంది. జర్మన్ వికీలో 2008 నుంచి ఉన్నట్టు, ఎవరైనా చూసి ఒప్పుకున్నాకే పాఠకులకు కనిపించే పద్ధతి మనకు వద్దు. చూసేవాళ్ళు తక్కువైతే మంచి మార్పులు వరుసలోనే మురిగిపోతాయి.

చదివి తేల్చలేనన్ని మార్పులు రోజూ వచ్చే స్థితి వస్తే బాటుకు నేనే ఓటేస్తాను. ఈలోగా తెలుగు వికీ సభ్యులు చర్చించుకునే రచ్చబండ పేజీలో వడపోత గురించి ఒక ప్రతిపాదన పెట్టబోతున్నాను. హెచ్చరిక పెట్టెలో "దుశ్చర్య" అనే మాట వద్దు. దాని బదులు ఇలా ఉండాలి: "మీరు చాలా పాఠ్యం తీసేస్తున్నారు. తెలిసే చేస్తుంటే, ఎందుకో ఒక్క ముక్క రాసి మళ్ళీ సేవ్ నొక్కండి. సందేహముంటే సహాయ కేంద్రంలో అడగండి, తెలుగులోనే జవాబిస్తాం."